తెరచాప స్తంభానికి మూడు ఊతాలు

అది 2022 సెప్టెంబరు. మిర్యాలగూడలో వరికోతలకు ఇంకా సమయం ఉంది. రైసు మిల్లుల దారిలో ఉన్న మా షెడ్డులో ట్రాక్టర్ ట్రాలీలు కడతాం, విరిగినవి అతుకుతాం. మా నాన్న దగ్గర వెల్డింగ్ నేర్చుకుని ఆయన తర్వాత షెడ్డు నేనే నడుపుతున్నాను. ఒక మధ్యాహ్నం మా వాకిట్లో ఒక జీపు ఆగింది. దాని వెనక ట్రైలర్ మీద తెల్లటి పడవ ఉంది. అంత నున్నటి పడవను అంతవరకు నేను దగ్గరగా చూడలేదు.

జీపు వెనకే మోటారు సైకిలు మీద మాడుగులపల్లి సైదులు, ఆయన భార్య జానమ్మ వచ్చారు. సైదులు ట్రాలీ కట్టింది మేమే. జానమ్మ మోచేతికి కట్టు ఉంది.

"అక్కా, ఈ మేడం బండి కోదాడ కాడ మమ్ముల సంపేదే. దీన్ని మంచిగ కట్టేదాక ముంగటికి పోనియ్య. నువ్వే కట్టాలె," అన్నాడు సైదులు.

జీపు దిగినావిడ పేరు మాధవి. కాకినాడలో తెరచాప పడవలు నడపడం నేర్పుతారు. నాగార్జున సాగర్ దగ్గరి మత్స్యకారుల ఆడపిల్లలకు నేర్పడానికి ఈ పడవను తీసుకెళ్తున్నారు. తెరచాపను నిలబెట్టే పొడవాటి అల్యూమినియం స్తంభాన్ని మాస్ట్ అంటారు. రోడ్డు మీద వెళ్లేటప్పుడు దాన్ని విప్పి పడవ పైన పడుకోబెడతారు. కోదాడ దగ్గర స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగగానే వెనక ఊతం ఒరిగి, తాడు సడలి, మాస్ట్ పక్కకు జారి రోడ్డు మీదికి వచ్చింది. దాన్ని తప్పించబోయి వెనక వస్తున్న భార్యాభర్తలు కింద పడ్డారు.

"ఆసుపత్రికి నేనే తీసుకెళ్లానండి," అన్నారు మాధవి. "ఆవిడ తలకి తగిలుంటే? ఈ పడవ ఇక్కడే వదిలేసి ఇంటికి వెళ్లిపోవాలనుంది."

"పడవ సాగర్‌కే పోతది మేడం. మీరు జర కూసోండ్రి," అన్నాను.

మాస్ట్ చుట్టూ తిరిగి చూశాను. ముందు కొసను ట్రైలర్ స్తంభానికి, వెనక కొసను పడవ మీది చెక్కకు నైలాన్ తాళ్లతో మళ్లీ కట్టి, కోదాడ నుంచి మెల్లగా తెచ్చారు. నడుమ ఏమీ లేదు. మిల్లుల్లో ధాన్యం పైకెత్తే ఎలివేటర్ పైపులు ట్రాలీల మీద ఎన్నో మోయించాను కాబట్టి సంగతి వెంటనే తెలిసిపోయింది. రెండు కొసలే ఆనినప్పుడు పొడుగు సామాను గుంతలో పడ్డ ప్రతిసారీ ఎగురుతుంది. ఎగిరిన కొద్దీ తాడు సాగుతుంది. నడుమ ఊతం పడవ మీదే పెడతానన్నాను.

మాధవి ఒప్పుకోలేదు. "పడవ మీద వద్దండి. పడవ ఒకలా ఊగుద్ది, ట్రైలర్ ఒకలా ఊగుద్ది. మూడు ఊతాలూ ట్రైలర్ ఇనుముకే ఉండాలి."

ఆమె మాట నిజమే. పడవకు నిప్పురవ్వలు తగలకుండా తడి గోనెపట్టాలు కప్పి పని మొదలుపెట్టాను. పడవకు ఎక్కడా ఆనకుండా దాని మీదుగా పైపుతో కమాను వంచి, రెండు కాళ్లూ ట్రైలర్ చాసిస్‌కు, అంటే దాని ఇనుప చట్రానికి, వెల్డింగ్ చేశాను. వెనక కొత్త స్తంభం నిలబెట్టాను. జీపు మలుపు తిరిగినప్పుడు మాస్ట్ దాని టాపుకు తగలకుండా ముందు స్తంభాన్ని ఎత్తు చేశాను. ఒక్కో ఊతం తల మీద క్రేడిల్, అంటే మాస్ట్ ఒదిగి కూర్చునే ఇనుప దొన్నె. లోపల మిల్లు బెల్టు రబ్బరు పరిచాను. తాళ్లు తీసేసి, పళ్ల చక్రంతో బిగించే రాచెట్ పట్టీలు మూడుచోట్లా వేశాం. మాస్ట్ జారకుండా ముందుకొకటి, వెనక్కొకటి వేరే పట్టీలు లాగి కట్టాం. మాస్ట్‌ను పడవ మీద నిటారుగా పట్టి ఉంచే తీగలు వేలాడుతుంటే, వాటన్నిటినీ మాధవి గుడ్డతో చుట్టి మాస్ట్‌కు కట్టేశారు. వెనక కొసకు ఎర్రగుడ్డ తగిలించారు.

"అయిపోయింది," అన్నాను.

"యాడ అయింది? తోలి సూడాలె గదా. నేను ఎనక వస్త," అన్నాడు సైదులు.

సాగర్ కాలువ వెంట స్పీడ్ బ్రేకర్లున్న రోడ్డు మీదికి తీసుకెళ్లాం. నేను జీపులో కూర్చుని వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. కమాను మీద మాస్ట్ కదల్లేదు. షెడ్డుకు తిరిగొచ్చాక సైదులు ఇంకో మాట చెప్పాడు.

"నడుమ మంచిగనే ఉన్నది గని, తోక అటిటు ఊగుతున్నది. ముంగట కూసుంటే మీకు కనవడది."

వెళ్లి వెనక స్తంభాన్ని పట్టుకుని ఊపి చూశాను. నిజంగానే ఊగింది. ఎత్తుగా, ఒంటరిగా ఉంది మరి. రెండు పక్కలా ఏటవాలుగా యాంగిల్ ఇనుప ముక్కలు వేసి అతికాను.

రెండోసారి బయల్దేరేటప్పుడు జానమ్మ కూడా లేచింది.

"నీకెందుకు, చెయ్యి నొస్తలేదా?" అన్నాడు సైదులు.

"పడ్డది నేను గాదా? నేనే సూస్త," అని మోటారు సైకిలు ఎక్కింది.

తిరిగొచ్చాక మాధవి జీపు దిగి నేరుగా జానమ్మ దగ్గరికే వెళ్లారు. ఊగిందా అని అడిగారు.

"ఊగలే. ఇగ పో బిడ్డా, పిల్లలు సూస్తుంటరు," అంది జానమ్మ.

మాధవి ఆమె బాగున్న చేతిని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మర్నాడు పొద్దున సాగర్ నుంచి ఫోను చేశారు. మాస్ట్ ఇంచు కూడా జరగలేదట. పిల్లలు అప్పుడే పడవ ఎక్కి కూర్చున్నారట.

సామాను ఎంత గట్టిగా కట్టామో కట్టినవాళ్లకన్నా దాని వెనక వచ్చేవాళ్లకే బాగా తెలుస్తుంది. అంతకుముందు నా పని షెడ్డు గేటు దగ్గర ముగిసేది. ఇప్పుడు కొత్త ట్రాలీ ఏది రోడ్డెక్కినా లోడుతో ఒకసారి తోలిస్తాను. స్కూటీ తీసుకుని దాని వెనకే వెళ్తాను.