చెట్లకు తలంటు

ఆ రోజుల్లో ఇనుపగనుల ఊరు కిరండూల్‌లో మాకు తెలిసినవి రెండే రంగులు: ఎరుపు, కొంచెం తక్కువ ఎరుపు. ఇనుపరాయి లారీలు లేపిన దుమ్ము గోడల మీదా, కాకుల మీదా, ఆఖరికి గిన్నెలో పెరుగు మీదా ఏ పక్షపాతమూ లేకుండా కూర్చునేది. అయినా ఇరవై రెండేళ్లకే ఉద్యోగం దొరికినవాడికి లోకమంతా గులాబీరంగుగానే ఉంటుంది కదా (గులాబీకీ ఎరుపుకీ ఎంత దూరమని!). శ్రీకాకుళం దాటి ఎరగని నేను అక్కడ రైలు దిగి, వాలు మీద పై లైను క్వార్టర్లో పిన్నీ బాబాయిల దగ్గర మకాం పెట్టి, టౌన్‌షిప్పు తోటల విభాగంలో ప్రొబేషన్ మీద సూపర్‌వైజరుగా చేరాను. నా చేతికింద నాలుగు పారలు, ఒక రబ్బరు గొట్టం, మొక్కల పనికి వచ్చే గొల్లపల్లి అవ్వ ఉండేవారు. దండకారణ్యమంతా నా పేరే రాసిచ్చినట్టు తిరిగేవాణ్ణి.

మా పై అధికారిని అందరూ అర్జెంటు సాబ్ అనేవారు. ఆయన టీ కూడా అర్జెంటుగానే తాగి నాలుక కాల్చుకునేవాడు. ఒక మే నెల పొద్దున ఆయన పరుగున వచ్చి, కాలనీలో పచ్చదనం ఎలా ఉందో, జనం ఎంత సుఖంగా ఉన్నారో చూసి మార్కులు వేయడానికి పదకొండింటికి పెద్ద సాబ్ వస్తున్నారని చెప్పాడు. చెప్పి, రోడ్డు పక్కన ఇటుకరంగులో నిలబడ్డ కానుగ చెట్లకేసి చూసి తల పట్టుకున్నాడు. "పత్తా హరా దిఖ్‌నా చాహియే! ఏక్ ఏక్ పత్తా!" ప్రతి ఆకూ పచ్చగా కనపడాలిట. అందుకు ఆయన కనిపెట్టిన ఉపాయం, ఎండాకాలం కుళాయిలు రాని మా పై లైనుకి రోజూ వెళ్లే నీళ్ల టేంకరు. "పై లైనుకి మరి?" అన్నాను. "ఏక్ దిన్ రుకేంగే!" ఒక్కరోజు ఆగుతారన్నాడు. ప్రొబేషన్ వాడికి అంతకన్నా ప్రశ్నలుండవు. గొట్టం భుజాన వేసుకుని టేంకరెక్కాను.

నిజం చెప్పొద్దూ, ఆ గంటసేపూ నాకు పట్టిన ఆనందం ఇంతా అంతా కాదు. గొట్టం ఇలా తిప్పితే చాలు, ఆకు మీంచి ఎర్రనీళ్లు జారి, కింద లేతాకుపచ్చ తళుక్కుమనేది. కానుగాకు అంత అందంగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. పాటలు పాడాను. ఆ ఎర్రనీళ్లన్నీ నా నెత్తిమీదే పడుతున్నాయన్న సంగతి గమనించలేదు. కింద అవ్వ నడుమున చెయ్యి పెట్టుకుని చూస్తూ, "ఏంది బాబూ, చెట్టుకు మొకం కడుగుతున్నవా? దుమ్ము లేసేది తొవ్వ మీద గద. నీళ్లు ఆడ పొయ్యరాదు?" అంది. "నీకు తెలీదులే అవ్వా" అన్నాను, విజ్ఞానశాస్త్రం చదువుకున్న గొంతుతో. సరిగ్గా అప్పుడే నాలుగు లారీలు వరసగా పోయాయి. పొడి ఆకు మీదైతే దుమ్ము వాలేది. తడి ఆకులకు పిండి రాసినట్టు అతుక్కుపోయింది. మొదటి చెట్టు మునుపటికంటే ఎర్రబడింది. వెనక్కి వెళ్లి కడిగాను. ఇంకో రెండు లారీలు పోయాయి. మళ్లీ కడిగాను. అర్జెంటు సాబ్ వాచీ చూసుకుంటూ రోడ్డు మధ్య గెంతుతున్నాడు.

అంతలో వాలు మీంచి బిందెలు, బకెట్లు, డాల్డా డబ్బాలతో పై లైను ఆడవాళ్లందరూ దిగివచ్చారు. ముందు మా పిన్ని. తిన్నగా టేంకరు దగ్గరికొచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "ఎవుడ్రా నువ్వు? మా పిల్లడేడీ?" అంది.

"నేనే పిన్నీ."

"ఓరి సచ్చినోడా! ఇంట్లో సుక్క నీల్లేక మీ బాబాయి మొకానికి సబ్బెట్టుకుని కూకున్నాడు, నువ్విక్కడ సెట్లకి తలంటు పోస్తన్నావేటి!" అని గొట్టం లాగింది. నేను వదల్లేదు (ప్రొబేషన్!). ఆ పెనుగులాటలో గొట్టం పైకి లేచి, అప్పుడే జీపు దిగుతున్న ఒక తెల్ల చొక్కాను నిలువునా తడిపేసింది.

అది పెద్ద సాబ్ చొక్కా.

అర్జెంటు సాబ్ తేరుకుని, ఈ మహిళలు చెట్లకు నీళ్లు పోయడానికి స్వచ్ఛందంగా వచ్చారని హిందీలో అందుకున్నాడు. పిన్నికి హిందీ అంతంతమాత్రం; కోపంలో మాత్రం ధారాళంగా వచ్చేది. బోర్లించిన బిందె మీద ఠంగుమని కొట్టి, "సాబ్! పేడ్ నహాయా, హమ్ నహీ నహాయా!" అంది. చెట్టు స్నానం చేసింది, మేం చెయ్యలేదు!

పెద్ద సాబ్ ముందు చొక్కా చూసుకున్నాడు, తర్వాత నన్ను. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టి జీపు పట్టుకుని మరీ నవ్వాడు. నవ్వాగాక, చెట్లు కడగాలన్న ఆలోచన ఎవరిదని అడిగాడు. వెనకనుంచి అర్జెంటు సాబ్ కళ్లతో నా ఉద్యోగం పోయే దారిని చూపిస్తున్నాడు. "ఎవరిదో తెలీదు సార్. కానీ రోడ్డు తడపమని ఈ అవ్వ చెప్పింది. నేనే వినలేదు" అనేశాను. ఆయన అవ్వని పిలిచి అడిగితే, అవ్వ ఈసారి హిందీలో, చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా, అదే మాట చెప్పింది. ఆయన తడిచొక్కాతోనే పై లైనుకి నడిచివెళ్లి కుళాయి తిప్పాడు. అది దగ్గి ఊరుకుంది.

వారం తిరక్కుండా పై లైనుకి రెండో టేంకరొచ్చింది. గనిలో తోడిపోసే నీళ్లతో రోజుకు రెండుసార్లు లారీ రోడ్డు తడపమని ఉత్తర్వు వచ్చింది. పొద్దున్నే ఆ బండెక్కే పని, శిక్షగా, అర్జెంటు సాబ్ నాకే వేశాడు. నెల తిరిగాక ఒక ఆదివారం పిన్ని బాబాయి తెల్లపంచెని మొట్టమొదటిసారి వీధివైపు దండెం మీద ఆరేసింది. సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చుని దానికి కాపలా కాసి, తీసి, నా ముక్కు దగ్గర పెట్టి, "సూడ్రా, ఎండ వాసనొస్తంది" అని చంటిపిల్లలా నవ్వింది.

తర్వాత నేను చాలా పైకొచ్చాను. పర్యావరణమనీ, జీవన ప్రమాణాలనీ లావుపాటి నివేదికలు రాసి, సంతకాలు పెట్టి రిటైరయ్యాను. వాటిలో ఒక్క వాక్యం కూడా గుర్తులేదు. టేంకరు మీద ఎర్రగా తడిసి, తప్పుడు పనిని అంత సంబరంగా చేస్తూ పాడుకున్న ఆ కుర్రాడు మాత్రం అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా వేస్తుంది.