గిల్లమని చెయ్యి చాపిన నర్సు

రాయగడ నుంచి వచ్చే ప్యాసింజరు గజపతినగరం దాటింది. నా ఎదురుగా ఉన్న ఆరేళ్ల పాప తల్లిని మళ్లీ అడిగింది. "ఆసుపత్రికి కాదు కదమ్మా?"

"కాదే, పిన్నింటికి."

పక్కనున్న నడివయసు ఆవిడ కల్పించుకుంది. "అబద్ధం సెప్పకమ్మా. నాను పిల్లల వార్డులో నర్సుని. రేపు నీ మాట నమ్మదు."

"ఏటి సెయ్యమంటారు? మొన్న నలుగురు పట్టుకున్నా సూది పడనివ్వలేదు. ఇయ్యాల వార్డులో జేర్చాలి. వారం దినాలు సూదులు పడకపోతే జొరం తగ్గదంట."

నర్సు పాప వైపు తిరిగింది. "సూదుంటాది. నొప్పెడతాది. అప్పుడేటి సెయ్యాలో సూపిస్తాను. నన్ను గిల్లు," అంటూ చెయ్యి చాపింది.

పాప కసిగా గోళ్లు దింపింది. ఆవిడ మాత్రం వేడి గంజి చల్లార్చినట్టు నెమ్మదిగా, పొడుగ్గా ఊదుతూనే ఉంది. చేతి మీద ఎర్రగా గాట్లు పడ్డాయి.

"నొప్పి లేదా?" అడిగింది పాప.

"ఎందుకు లేదూ, ఉన్నాది. ఊదుతుంటే కాసింత తగ్గుతాది. సూదేసినప్పుడు పడుకోబెట్టొద్దని సెప్పి, అమ్మ ఒళ్లోనే కూకో."

పాప ఆ గాట్లను వేలితో తడిమి చూసింది. తర్వాత తన చెయ్యి చాపింది. "నన్ను గిల్లండి."

ఆవిడ మెల్లగా గిల్లింది.

"గట్టిగా!" కసిరింది పాప. కళ్లలో నీళ్లు తిరిగినా ఊదడం ఆపలేదు.

ఆసుపత్రుల మీద ఎన్నో వార్తలు రాశాను. నొప్పి కోసం ఒక పిల్ల తనే చెయ్యి చాపడం ఎన్నడూ చూడలేదు.

విజయనగరంలో బండి ఆగింది. తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. పాప ముందుగా దిగి, ఆమెకు చెయ్యి అందించింది.

"ఏడవకే అమ్మా, ఊదు."