గుద్వేగ్ అక్క పసుపు నడవ

నార్వేలోని ఓలెసుండ్‌లో మా వీధి ఇళ్లకు నలభై ఏళ్లు రంగులు వేసింది పక్కింటి గుద్వేగ్ అక్క. ఎవరింటికి వెళ్లినా ముందు కత్తి తీసి గోడ మూలన పొరలు పొరలుగా గీకేది. అట్టడుగున ఏ రంగు తేలితే అదే. "నీ ఇష్టంతో పనిలేదు, గోడ చెప్పిందే మాట" అనేది. మా ఆవిడ ఉన్న రోజుల్లో గులాబీ రంగు అడిగిందని గంటసేపు క్లాసు పీకింది. ఓడలు దిగిన యాత్రికులు మెడలు నొప్పెట్టేలా చూసే పాతకాలపు మేడలు మరి, ఆ మాత్రం మొండితనం ఉండాల్సిందే.

ఆమె భర్త ఆర్న్‌స్టైన్ బావ పాత జాలరి. చూపు మందగించింది. మా రెండిళ్లూ బూడిద రంగువే. పగలు తాళాలు వేసే అలవాటు మాకు లేదు. బావ రేవు నుంచి వస్తూ తన ఇల్లనుకుని నా ఇంట్లో దూరి, బూట్లు విప్పి, కాఫీ పోసుకునేవాడు.

"బావా, ఇది నా ఇల్లు."

"ముందే చెప్పవేం? సగం కప్పు తాగేశాను."

నవ్వుకునేవాళ్లం. నవంబరు వానలో ఒకరోజు నా ఇల్లు కూడా దాటిపోయి, దారి తప్పి తిరిగి రేవు అంచుకే చేరాడు. ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. మర్నాడు అక్క తన ఇంటి గోడకి నిచ్చెన వేసింది.

"పసుపు వేస్తాను. మలుపు నుంచే ఇల్లు కనబడాలి ఈయనకి."

"గోడనడిగావా అక్కా?" అన్నాను. నోరు మూసుకోవాల్సింది.

గీకింది. తెలుపు, ఆకుపచ్చ, అడుగున బూడిద. ఇంకోచోట గీకినా అదే. నిచ్చెన మీదే కూలబడింది.

"ఊరందరి నోళ్లూ మూయించాను. నా ఇంటికొచ్చేసరికి మాట మార్చనా?"

"మారిస్తే మార్చు, లేకపోతే దిగు. చేపల పులుసు చల్లారిపోతోంది" అన్నాడు బావ కిందనుంచి.

మూడో రోజు వాళ్ల తలుపు బార్లా తెరిచి ఉంది. బయటి గోడ బూడిదే. లోపల నడవంతా గుడ్డుసొన పసుపు, పైన పెద్ద దీపం.

"లోపలి సంగతి ఊరికెందుకు?" అంది అక్క, స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడుక్కుంటూ. బావ ఇల్లు చేరేదాకా తలుపు మూయనంటుంది. యాత్రికులు మేడల్ని వదిలేసి ఆ నడవకు ఫొటోలు తీశారు.

బావ నేరుగా ఇంటికే పోతున్నాడు. సంతోషించాలి, కానీ నాకు దిగులేసింది. ఒంటరి కాఫీ రుచించలేదు.

గురువారం నా తలుపు తెరుచుకుంది. బావ బూట్లు విప్పుతున్నాడు.

"అంత పసుపు వేసినా కనబడలేదా బావా?"

"మలుపు నుంచే కనబడింది. తలుపు తెరిచిపెట్టి కొంపని మంచుగడ్డ చేసింది మీ అక్క. కాఫీ పోయ్. తనకీ ఓ కప్పు పెట్టు, తలుపేసుకుని వస్తోంది."