మేక దగ్గర ఆగిపోయిన చదువు

ఆ రోజుల్లో, అంటే రాష్ట్రం రెండయిన కొత్తలో, మా బడికి పిల్లల్ని కొలవడానికి మనుషులు వచ్చేవారు. అంతకుముందు అంగన్‌వాడీలో బరువు తూచి వదిలేసేవారు, దాంతో ఎవరికీ పేచీ ఉండేది కాదు. నేను నాలుగో తరగతికి వచ్చేసరికి చదువునూ తూచడం మొదలైంది. ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచి ఓ కాగితం చదివించి, ఓ తీసివేత చేయించి, వీడు అక్షరాల దగ్గరున్నాడు, ఈ పిల్ల పదాల దగ్గరుంది, ఆ పిల్ల కథ దాకా వచ్చింది అని రాసుకుని పోయేవారు. జరిగినవాటిని మనసులో పెట్టుకోకూడదని మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. (నేను పెట్టుకుంటాను. నా మనసు, నా ఇష్టం.)

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క ఊరు. ఊళ్ళో సగం చేపల వేటకెళ్ళేవాళ్ళు, మిగతా సగంలో మిషన్ చర్చికి వెళ్ళే మేము. చర్చిలో కీర్తన చదివేటప్పుడు ఒక వాక్యం పాస్టరుగారు చదివితే, తర్వాతి వాక్యం సంఘమంతా కలిసి చదవాలి. ఇంట్లో సాయంత్రం ప్రార్థనలోనూ అదే పద్ధతి. ఒకటి నాది, ఒకటి నాయనమ్మది. నాయనమ్మకు అక్షరాలు రావు, తన వాక్యాలన్నీ కంఠతా వచ్చు. అయినా పుస్తకం మీద వేలు పెట్టుకునే కూర్చునేది. నేను తొందరపడి ఆవిడ వాక్యం కూడా చదివేస్తే తొడ మీద గిల్లు పడేది. "ఒసే గుంటా, నా వంతు కూడా నువ్వే మింగేత్తావేటే?" అనేది. బళ్ళోనూ మేడమ్ ఒక వాక్యం చెబితే మేమంతా అందుకునేవాళ్ళం. ఒక్కరే మొదటి నుంచి చివరిదాకా చదువుకుంటూ పోవడమనేది నేను అప్పటికి ఎక్కడా చూడలేదు.

కథ దాకా వచ్చినవాళ్ళకు మధ్యాహ్నంపూట వరండాలో రంగుల బొమ్మల పుస్తకాలు ఇస్తామని మేడమ్ ముందే చెప్పింది. ఆ పుస్తకాల పెట్టె ఆఫీసు గదిలో ఉండేది. నేను కిటికీలోంచి దాన్ని చూసి చూసి, అవి నావేనని నిశ్చయించేసుకున్నాను.

పరీక్ష పెట్టడానికి వచ్చినాయన కళ్ళద్దాల సారు. నా వంతు వచ్చింది. కాగితం అందుకుని, గొంతు సవరించుకుని, "మా ఇంట్లో ఒక మేక ఉంది" అని గట్టిగా చదివి ఆగాను. ఆయన నా వంక చూశాడు. నేను ఆయన వంక చూశాను. పాపం చోటు తెలియలేదేమోనని రెండో వాక్యం కింద వేలు పెట్టి చూపించాను. (చర్చికి కొత్తవాళ్ళొస్తే మేమలాగే చూపిస్తాం.)

"ఊఁ, చదువు," అన్నాడు.

వినపడలేదనుకుని మేక ఉందని మళ్ళీ చెప్పాను, ఇంకాస్త గట్టిగా.

"తర్వాత?"

"తర్వాతది మీరు సదవాల సార్."

ఆయన పక్కనున్న ఇంకో సారుతో "చూశారా, నన్నే చదవమంటోంది. పరీక్ష నీకా, నాకా అమ్మా?" అని పకపకా నవ్వాడు. నవ్వకుండా ఉంటే చదివేదాన్నేమో. నవ్వాడు గనక నోరు మూసుకున్నాను. తీసివేత మాత్రం కోపంతో పలక విరిగేలా చేసి చూపించాను. లెక్కలు వచ్చు, చదవడం రాదు, పదాల దగ్గర ఆగింది అని రాసుకున్నాడు.

నా తర్వాత వెళ్ళింది మా బెంచీ పిల్ల పీత. (మాటతోనైనా గోళ్ళతోనైనా పట్టుకుంటే వదలదు, అందుకే ఆ పేరు.) తడుముకుంటూ, తప్పులు చదువుకుంటూ, ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్ళిపోయింది. పీతకు కథల పుస్తకాలు. నాకు రెండో తరగతి పిల్లల పక్కన పదాల అట్టలు. "ఏటే, నీకు సదవడం రాదంట కదా?" అని వరండాలోంచి పుస్తకం ఊపి మరీ అడిగింది. నేను మేడమ్ దగ్గర పేచీ పెట్టాను, పెద్ద మాస్టారి దగ్గర పెట్టాను. "నువ్వు చదువుతావని నాకు తెలుసమ్మా, కానీ వాళ్ళు రాసిందే లెక్క. మళ్ళీ పరీక్ష వస్తుందిగా," అంది మేడమ్.

నాయనమ్మ మాత్రం మండిపడింది. "మా గుంటకి సదవడం రాదన్నాడా? సదువుకున్నోడన్నాక తన వంతు తను సదవొద్దేటి? ఆడికే రాదు!"

మళ్ళీ పరీక్ష వచ్చేదాకా ఇంట్లో గోడల వైపు తిరిగి సాధన చేశాను. ఈసారి ఒక చిన్న మేడమ్ వచ్చింది. ఎవరికీ ఒక్క ముక్క మిగల్చకూడదని, చుక్కల దగ్గరా ఆగకుండా ఒక్క ఊపున చదివి పారేశాను. "ఊపిరి తీసుకోమ్మా," అందావిడ. పుస్తకాల పెట్టె నాదయింది. పీత మూతి తిప్పుకుంది. అంతకంటే ఏం కావాలి?

ఆ సాయంత్రం ప్రార్థనలో అదే ఊపులో నా వాక్యం, నాయనమ్మ వాక్యం, మళ్ళీ నాది, మళ్ళీ ఆవిడది, మొత్తం కీర్తన చదివేశాను. తలెత్తి చూస్తే నాయనమ్మ వేలు ఇంకా రెండో వాక్యం మీదే ఉంది. గిల్లుతుందనుకున్నాను. గిల్లలేదు.

"అయిపోనాదేటే?"

"అయిపోయింది నాయనమ్మా."

"బాగా సదివేవు," అని వేలు తీసేసుకుంది.

నేను దాన్ని మెప్పు అనుకున్నాను. ఆ రోజునుంచి చదవడమంతా నాదే అయింది, ఆవిడకు చివర ఆమెన్ ఒక్కటే మిగిలింది. ఒక్కసారైనా తన వంతు అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. అడగకుండా ఊరుకున్నందుకు ఆవిడ మీద కూడా నాకు కాస్త కోపమే. (అసలు కోపం కళ్ళద్దాల సారు మీద. ఇది కూడా ఆయన ఖాతాలోనే వేశాను.)

నాయనమ్మ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు సాయంత్రం ప్రార్థనలో కీర్తన తీసి మొదటి వాక్యం చదివి ఆగిపోతాను. అమ్మ పొయ్యి మీద పులుసు వైపు ఓ కన్ను వేసి, "ఆగిపోనావేటే? కానీ," అంటుంది. తర్వాతది నాది కాదని చెబితే ఎవరికి అర్థమవుతుంది? కాసేపలాగే కూర్చుంటాను, రెండో వాక్యం కింద వేలు పెట్టుకుని. ఆ సారు ఇప్పుడు వచ్చి చూసినా, ఈ పిల్ల పదాల దగ్గరే ఆగిందని రాసుకుంటాడు.

రాసుకోనీ. ఈసారి పేచీ పెట్టను.