వెంకటవ్వ ఉయ్యాలో

వెంకటవ్వకు పాడటం రాదు. ఈ మాట ఆమె బతికుండగానే ఆమె ముఖం మీదే అన్నాను, చీపురుకట్ట దెబ్బ తప్పించుకుని పరిగెత్తాను కూడా. ఆమె గొంతెత్తిందంటే కొట్టంలో బర్రెలు మేత మానేసి చూసేవి. అయినా డాక్టర్లందరూ చేతులెత్తేశాక మా బాపుకు మాట తెచ్చిపెట్టింది ఆ గొంతే.

మాది మల్లాపూర్ దగ్గర ఒక ఊరు. మా బాపు మదన్ మోహన్ రావు ఆ ఊరికి దొర. నేను చెప్పేది ఎనభై ఆరు, ఎనభై ఏడు నాటి సంగతి. అప్పటికి దొరతనం చాలావరకు పోయింది, మీసం మాత్రం మిగిలింది. అడవిలో అన్నలు, రోడ్డు మీద పోలీసులు, మధ్యన మేము. వెంకటవ్వ మా పసుపు చేన్లో పనికి వచ్చేది. వయసులో బాపు కంటే నాలుగేళ్ళు పెద్ద. బాపు మాత్రం ఆమెను "ఎంకీ" అనే పిలిచేవాడు. మా ఇంట్లో పనివాళ్ళ పేర్లు సగానికి కత్తిరించి పిలవడం అలవాటు. అప్పుడు అదేమీ తప్పనిపించలేదు నాకు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

వెంకటవ్వ కలుపు తీసినా పాడేది, కల్లాపి చల్లినా పాడేది. అన్నిటికీ ఒకటే బాణీ, బతుకమ్మ బాణీ. ప్రతి ముక్క చివరా "ఉయ్యాలో". బాపు అరుగు మీద నుంచి "ఏయ్ ఎంకీ! నోర్ముయ్యవే!" అని కేకేసేవాడు. ఆమె మూసేది. నలభై ఏళ్ళు ఇదే వరస.

ఒక దీపావళి తర్వాత బాపుకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. మొత్తం పోయినా మర్యాదగా ఉండేది. ఒక్క మాట మిగిలిపోయింది, అదీ ఒక ఉర్దూ తిట్టు.

"సాలే."

నీళ్ళు కావాలన్నా సాలే, వద్దన్నా సాలే. పరామర్శకు వచ్చిన వియ్యంకుణ్ణి గుమ్మంలోనే "సాలే" అని పలకరించాడు. ప్రసాదం తెచ్చిన అయ్యగారినీ అంతే. జగిత్యాల నుంచి వచ్చిన డాక్టరు "మెదడులో మాట ఉండే పక్క దెబ్బతిన్నది, దీనికి మందు లేదు, ఓపిక పట్టాలి" అని చెబితే, ఆయనకు కృతజ్ఞతగా చేయి పట్టుకుని, కళ్ళనీళ్ళతో, అదే మాట అన్నాడు. మేము నవ్వు ఆపుకోలేక చచ్చాం. సాయంత్రం గదిలో ఆయన గోడ వైపు తిరిగి ఏడుస్తుంటే చూశాను. ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు.

పసుపు ఉడకబెట్టే రోజులు వచ్చాయి. పెరట్లో పెద్ద కడాయి, కింద మంట. బాపును పడకకుర్చీలో తెచ్చి కూర్చోబెట్టాం. వెంకటవ్వ మొదట మెల్లగా కూనిరాగం తీసింది. దొర నోర్ముయ్యమనలేదు. అనలేడని ఆమెకు తట్టింది. ఇక చూడండి, నలభై ఏళ్ళ బాకీ తీర్చుకున్నట్టు గొంతు విప్పింది.

"కట్టెలెయ్యరాదె..."

"ఉయ్యాలో," అన్నారెవరో, మగ గొంతుతో.

అందరం తిరిగి చూశాం. బాపు. మూడు నెలల తర్వాత ఆయన నోట వచ్చిన రెండో మాట. మా అమ్మ ప్రమీల చేతిలో చేట పడేసి పరుగెత్తుకు వచ్చింది. వెంకటవ్వ మాత్రం తొణకలేదు.

"మాట యాడికి పోలే దొరసానీ," అంది. "పాటల దాసుకున్నది. ఇగ గుంజుకరావాలె."

మర్నాటి నుంచి గుంజుడు మొదలైంది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక వెంకటవ్వ బాపు ఎదురుగా కింద కూర్చుని, ఆయన ఎడమచేతితో కుర్చీ చేతి మీద తాళం వేయించేది. "దూపయితుందమ్మ ఉయ్యాలో, నీళ్ళు దెండ్రమ్మ ఉయ్యాలో." ముందు ఆమె, తర్వాత ఇద్దరూ, తర్వాత బాపు ఒక్కడే. పదిరోజుల్లో మా బాపు ఉప్పు తక్కువైందని పాడాడు. అమ్మ ఆ పూట కూరలో ఉప్పు కావాలనే మరిచిందని నా అనుమానం.

ఒక్క చోటే బండి ఆగింది. "ఎంకి రావె" అని ఎత్తుకునేవాడు. తాళానికి రెండు దెబ్బలు తక్కువ పడేవి. ఆ ఖాళీలోకి ఠంచనుగా "సాలే" వచ్చి కూర్చునేది. ఎన్నిసార్లు పాడినా "ఎంకి రావె సాలే ఉయ్యాలో."

వెంకటవ్వ విసుగెత్తి చెప్పేసింది. "పేరు సగం జేసి పిలుస్తున్నరు గదా దొరా, అందుకే పాట కుంటుతున్నది. నిండుగ అనుండ్రి. వెంకటవ్వ."

బాపు మీసం అదిరింది. ఎడమచెయ్యి నాలుగుసార్లు కుర్చీని కొట్టింది.

"వెంకటవ్వ రావె ఉయ్యాలో, చాయి పట్టుకరావె ఉయ్యాలో."

సాలేకు చోటు దొరకలేదు. నేను పళ్ళికిలించి చప్పట్లు కొడితే బాపు చెంబు విసిరాడు.

అయితే ఆయనకు ఒకటే పట్టింపు. ఆడవాళ్ళ పాట తాను పాడుతున్నట్టు బయటికి పొక్కకూడదు. అందుకని ఆ గంటసేపు తలుపులన్నీ బిగించేవాళ్ళం. అక్కడే మునిగాం. దొర ఇంట్లో రోజూ తలుపులు మూసి పాటలు, చప్పట్లు అని ఎవరో ఠాణాలో చెప్పారు. పాటలంటే అన్నల మీటింగే అనుకునే కాలం. వెంకటవ్వ నెలకోసారి, అన్నలకు పట్టున్న సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే అల్లుడి దగ్గరికి పోయి వస్తుందని కూడా చేర్చారు. ఒకరోజు పొద్దున్నే జీపు వచ్చి ఆమెను ఎక్కించుకుపోయింది.

ఆ రోజుల్లో జీపెక్కినవాళ్ళందరూ తిరిగి రాలేదు. బాపు పడకకుర్చీలోంచి లేచి, ఎడమచేత్తో నా భుజం పట్టుకున్నాడు. ఎడ్లబండి కట్టించాం.

ఠాణాలో కొత్త ఎస్సై కోస్తా మనిషి. వచ్చి నెల కాలేదు. బతుకమ్మ ఎట్లా ఉంటుందో చూసి ఎరగడు. మేము వెళ్ళేసరికి వెంకటవ్వను గోడవారగా నిలబెట్టి అడుగుతున్నాడు.

"ఆఖరిసారి అడుగుతున్నాను. ఎవడే ఈ ఉయ్యాలో? ఏ దళం వాడు?"

"ఉయ్యాలో అంటె ఉయ్యాలే సారూ."

"మరి చందమామ ఎవడు?"

"అది ఇంకో బాణి సారూ."

ఎస్సై ముందున్న కాగితం మీద 'ఉయ్యాలో, పరారీలో ఉన్నాడు' అని రాసి ఉంది. హెడ్డు బాలరాజు మనవాడే, కానీ నోరు విప్పితే కొత్త సారుకు కోపం. పెదవి కొరుక్కుని పైకప్పు చూస్తున్నాడు.

ఎస్సై బాపుకు కుర్చీ వేయించాడు. "మీ ఇంట్లో పాటలు నేర్పుతోందిట. ఎవరికండీ?"

బాపు నోరు తెరిచాడు. పెదాలు వంకర తిరిగాయి. "సా... సా..." మెడనరాలు ఉబ్బాయి. నేను చెప్పబోతే ఎస్సై "మిమ్మల్ని కాదు" అన్నాడు. కిటికీల దగ్గర అప్పటికే మా బండి వెంట వచ్చిన ఊరివాళ్ళు పోగయ్యారు. పాడితే ఇంతమంది ముందు పాడాలి. పాడకపోతే ఆమె ఇక్కడే ఉండిపోతుంది. బాపు వెంకటవ్వ వైపు చూశాడు. ఆమె కళ్ళతోనే తాళం అందించింది.

ఎడమచెయ్యి ఎస్సై బల్ల మీద పడింది.

"వెంకటవ్వె నాకు ఉయ్యాలో, మాట నేర్పెనయ్య ఉయ్యాలో..."

ఎస్సై నోరు వెళ్ళబెట్టాడు.

"తప్పు లేదు సారు ఉయ్యాలో, తల్లిని విడువుండ్రి..."

"ఉయ్యాలో!" అన్నాడు హెడ్డు బాలరాజు. ఆపుకోలేకపోయాడు. వెనకాల కానిస్టేబుళ్ళిద్దరూ అన్నారు. కిటికీల దగ్గర ఆడవాళ్ళు చప్పట్లు అందుకున్నారు. అనుమానితుడు ఉయ్యాలో ఆ ఠాణాలో ముప్పైమంది నోట ఒకేసారి దొరికిపోయాడు.

ఎస్సై చెవుల దాకా ఎర్రబడ్డాడు. కాగితం చింపి, లేచి నిలబడి "పొరపాటైంది దొరగారూ, క్షమించాలి" అన్నాడు.

బాపు ఆయన చేయి పట్టుకుని, పాట లేకుండా, స్పష్టంగా జవాబిచ్చాడు.

"సాలే."

తిరుగు బండి ఎక్కాం. వెంకటవ్వ ఎప్పటిలా వెనక తోకపట్టి మీద కాళ్ళు వేలాడేసి కూర్చోబోతే, బాపు తన పక్కన గడ్డి మీద చేత్తో కొట్టాడు. వచ్చి కూర్చుంది. ఇంటి ముందు దిగాక కొంగు దోపుకుని చీపురందుకుంది.

"వెంకటవ్వా," అన్నాడు బాపు. తాళం లేదు, బాణీ లేదు. ఉత్త మాట.

ఆమె వెనక్కి తిరగలేదు. "ఇనబడలే దొరా."

"వెంకటవ్వా."

"ఏందీ?"

"వెం-క-ట-వ్వా!"

ఆమె చెవులు భేషుగ్గా ఉన్నాయి. నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను కదా, మొదటిసారికే ఆమె కళ్ళు నిండటం చూశాను.