జడ్డిగం పట్టిన సుంకులమ్మ

కోసిగి పక్క పల్లెలో, రామేశ్వరమ్మకు కొడుకుగా పుట్టింది. పద్దెనిమిదో ఏట చీర కట్టి, తన పేరు సుంకులమ్మ అని తనే చెప్పుకుంది. ఊరు తల్లి మీద పడింది. "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసింటావు," అన్నారు కొందరు. "ఎల్లమ్మకు విడిచిపెట్టు, అడుక్కొని బతుకుతాది," అన్నారు ఇంకొందరు. అడుక్కోవడానికి చాచే చేయిని పనికి మాత్రం ఎందుకు చాచకూడదో ఎవరూ చెప్పలేదు.

రామేశ్వరమ్మ బిడ్డను తీసుకొని కర్నూలు ఆసుపత్రికి పోయింది.

"తప్పు నాదా సారూ?"

"నీ తప్పేం లేదమ్మా," అన్నాడు డాక్టరు. "ఒంట్లో గ్రంథులుంటాయి. వాటిలో ఊరే రసాలను హార్మోన్లంటారు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడే అవి పనిచేస్తాయి. ఇట్లా పుట్టడానికి అవి కారణమేమోనని కొందరి అనుమానం. ఇంకా ఎవరూ తేల్చలేదు. గ్రహణం వల్ల మాత్రం కాదు."

"మందు రాయొద్దు సారూ," అనింది సుంకులమ్మ. "నాకు జబ్బేముండాది? మాయమ్మ ఏడుపు ఆగితే శాలు."

1955లో తొలకరి ముంగారు వాన పడింది. మా దిక్కు విత్తనం వేసే గొర్రు తోలేది మగవాళ్లు. వెనకాలే నడుస్తూ, గొట్టాల్లోంచి సాళ్లలోకి దిగేట్టు జడ్డిగం గిన్నెలో గింజలు వదిలేది ఆడవాళ్లు. ఆ జడ్డిగం పట్టనిస్తే ఊరు తనను ఆడమనిషిగా ఒప్పుకున్నట్టే. అందుకే సుంకులమ్మ వానకు ముందే నెల రోజులు ఇంట్లో ఇసుక వదులుతూ వేళ్లకు సాధకం చేసి, రైతు ఉరుకుందప్ప దగ్గరికి పోయింది.

"నువ్వు ఏస్తే మొలుస్తాదా?" నవ్వినాడాయన.

"మొలిచేది గింజ గదప్పా, నేనా?"

పక్కనున్న ఆడకూలీలు పకపకా నవ్వినారు. పెద్దకూలి నాగక్క తన జడ్డిగం ఆమె చేతికిచ్చింది. "సగం చేను నేనేస్తా, సగం ఇది ఏస్తాది. ఏమైతాదో చూద్దాంలే."

విత్తిన ఆరో రోజుకు జొన్న మొలిచింది. ఉరుకుందప్ప చేలో తిరిగి, ఒకచోట పలచబడిన సాళ్లు చూసి ఎగిరినాడు. "చెప్పలేదా! ఇది దాని పనే!"

"అది నాదప్పా," అనింది నాగక్క. "ఆ పొద్దు నా వేళ్లు తిమ్మిరెక్కిండె. దానిది ఆ పక్క, చూడు పో."

ఆ పక్క దువ్వెనతో దువ్వినట్టు సాళ్లు. ఆయన ఆ సాళ్ల వెంబడి చివరిదాకా పోయొచ్చినాడు. "రేపు కందిచేనుకు రమ్మను," అని మాత్రం అన్నాడు.

మరుసటేడు రైతులే ఇంటికొచ్చి పిలిచేవాళ్లు. రామేశ్వరమ్మ గడపలో నిలబడి, "మంగళవారం దాకా నా కూతురు దొరకదు, పోండప్పా," అని గట్టిగా, వీధి చివరిదాకా వినపడేట్టు చెప్పేది.