సున్నాల యంత్రానికి లైసెన్సు

కొలతలక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. కాళ్లు ఎగుడుదిగుడుగా ఉన్నవాళ్లకూ, మడమలు వంకర తిరిగినవాళ్లకూ సరిపడే బూట్లు చేయడం ఆమె పని. పాతికేళ్లుగా మనిషి నడిచొస్తుంటే ముఖం చూడదు, మడమ చూస్తుంది. "ఎడమకాలు అరంగుళం తక్కువ. నడుంనొప్పి ఉండాలే నీకు?" అని అడిగేస్తుంది. వచ్చినవాళ్లు నోరెళ్లబెడతారు. ఆమె కొలిచి గీస్తే, భర్త తోలు కోసి కుడతాడు.

ఆ గీయడానికి ఆమె దగ్గరొక సాఫ్ట్‌వేర్ ఉండేది. పాదం కొలతలు ఇస్తే బూటు అడుగుభాగం నమూనా గీసిపెడుతుంది. విండోస్‌లో నడిచే రకం. లైసెన్సు ఒక్క కంప్యూటరుకే. కంప్యూటరు మారితే కంపెనీవాళ్లను అడిగి కొత్త తాళం సంఖ్య తెచ్చుకోవాలి.

ఒక గురువారం పొద్దున ఆ కంప్యూటరు టప్పుమని పొగ వదిలి కన్నుమూసింది. సోమవారానికల్లా ఒకామెకు బూట్లు అందాలి. ఆమెకు కుడికాలు పొట్టి. బస్సులో కండక్టరుగా మొదటి ఉద్యోగం, చేరేది ఆ రోజే. మూడుసార్లు తొడిగించి, మూడుసార్లు దిద్దిన నమూనా పెన్‌డ్రైవులో భద్రంగానే ఉంది. కానీ దాన్ని తెరిచేది ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కటే.

కొలతలక్క తోడికోడలు ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసే ఉద్యోగి. శుక్రవారం సెలవు పెట్టి, ఇంట్లో మూలపడి ఉన్న కంప్యూటరును చంకనెత్తుకుని వచ్చింది.

"ఇది ముసలిది అక్కా, కొత్త విండోస్‌ని మోయలేదు. అందుకే దాని బదులు లినక్స్ వేశాను."

"మరి నా సాఫ్ట్‌వేరో?"

"వైన్ అని ఒకటుంది. విండోస్ ప్రోగ్రాములు లినక్స్‌లో నడిచేలా చూస్తుంది. ప్రయత్నిద్దాం పట్టు."

కొలతలక్క భర్త గడప దగ్గర నిలబడి గొంతు తగ్గించాడు. "తాళం పగలగొట్టిన కాపీ ఊరికే దొరుకుతుందట. మనవాళ్లంతా అదే వాడుతున్నారు."

"బాగుందండీ! నా ఇంట్లోకి నేనే గోడ దూకి వెళ్లాలా?" అంది కొలతలక్క. ఆయన వెళ్లి తోలు తడిపే పనిలో పడ్డాడు.

సాఫ్ట్‌వేర్ ఎక్కింది. బొమ్మ వచ్చింది. ఇద్దరూ చప్పట్లు కొట్టబోతుండగా ఎర్రటి పెట్టె ఒకటి ఊడిపడింది: ఈ కంప్యూటరుకు అనుమతి లేదు. యంత్ర సంఖ్య, ఎనిమిది సున్నాలు.

కొలతలక్క కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎత్తింది. "అన్నీ సున్నాలైతే తాళం ఇవ్వలేమండీ. మీది లినక్సా? దానికి మేం సాయం చేయం."

"సాయం వద్దు తల్లీ. లినక్స్‌లో నడపకూడదని ఒప్పందంలో ఉందా, లేదా? అది చెప్పు చాలు."

కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. "లేదండీ. ఒక్క కంప్యూటరులోనే అని ఉంది."

"పాతది పోయింది. నాకున్నది ఇదొక్కటే."

"అయితే సరైన యంత్ర సంఖ్య చెప్పండి, ఇస్తాను. ఐదింటికి ఆఫీసు మూస్తాం. మళ్లీ సోమవారమే."

గడియారం మూడున్నర చూపిస్తోంది. కొలతలక్క చీర కొంగు బిగించింది.

తోడికోడలు తవ్వితీసిన సంగతి ఇది: సాఫ్ట్‌వేర్ యంత్ర సంఖ్యను సి డ్రైవు నంబరు నుంచి తీసుకుంటోంది. వైన్‌లో సి డ్రైవు అంటే ఉత్త ఫోల్డరే. దానికి నంబరెక్కడిది? ఆ ఫోల్డరులో నంబరు రాసిన చిన్న ఫైలొకటి పెట్టుకోవచ్చునని కొలతలక్క ఇంటర్నెట్లో వైన్ వివరాల పేజీని వేలు పెట్టి వరుస వరుసా చదివి పట్టుకుంది. ఫైలు పెట్టారు. మళ్లీ సున్నాలే. తీసి పెట్టారు. సున్నాలే. నాలుగున్నర దాటింది.

"ఆగాగు," అంది కొలతలక్క, పాదం కొలిచేటప్పటిలాగే కళ్లు చికిలించి. "ఈ పేజీలో ఫైలు పేరు ముందు చుక్క ఉంది చూడు. మనం పెట్టలేదు!"

తోడికోడలు నాలిక్కరచుకుంది. చుక్క పెట్టింది. సున్నాలు మాయమై నిఖార్సైన సంఖ్య వచ్చింది! కొలతలక్క ఫోన్ అందుకుంది. దాపరికం లేకుండా, "ఈ డ్రైవు నంబరు మేమే రాసుకున్నాం తల్లీ, ఇక మార్చం," అంది. ఆ అమ్మాయి పైవాళ్లను కనుక్కుని వచ్చేదాకా ఇద్దరూ గడియారం వైపే చూస్తూ నిలబడ్డారు.

"పాత లైసెన్సు రద్దు చేసి దీనికిస్తున్నామండీ. రాసుకోండి."

ఇరవై అక్షరాలు. ఒక్కొక్కటీ గట్టిగా పలికి, తిరిగి చదివి, టైపు చేశారు. తెర మీద కండక్టరమ్మ కుడిపాదం నమూనా విప్పారింది. కొలతలక్క వేసిన కేకకు భర్త చేతిలో తోలు కుట్టే ఆరెతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరికేమైంది?"

"పాదమండీ! పాదం వచ్చింది!"

అచ్చు తీశాక కూడా ఆమె ఊరుకోలేదు. అచ్చు కొలత సరిచూసుకోడానికి అంచున గీసి ఉన్న పది సెంటీమీటర్ల గీత మీద స్కేలు పెట్టింది. వెంట్రుకవాసి తేడా లేదు. అప్పుడు కత్తెర పట్టింది. ఆదివారం సాయంత్రానికి బూట్లు తయారు.

సోమవారం తెల్లవారగానే కండక్టరమ్మ వచ్చి తొడుక్కుంది. ఆ గోడ నుంచి ఈ గోడకు నాలుగుసార్లు నడిచింది. అయిదోసారి ఒంటికాలి మీద ఆగి, "బస్సు ఎంత కుదిపినా పడను అక్కా," అని నవ్వి, డ్యూటీకి వేళయిందంటూ పరుగున వెళ్లింది. గుమ్మం దాకా వచ్చి కొలతలక్క ఆ మడమలనే చూస్తూ నిలబడింది. రెండూ సమంగా పడుతున్నాయి.

నెల తిరక్కుండానే కంపెనీ అమ్మాయి తనంతట తానే ఫోన్ చేసింది. ఇంకో ఊళ్లో బూట్లు చేసే పెద్దాయనకు ఇదే చిక్కు వచ్చిందట, కాస్త చెప్పగలరా అని. "ఆయన్ని ఇప్పుడే మాట్లాడమను," అంది కొలతలక్క. ఆ పెద్దాయనతో లినక్స్ ముచ్చట పావుగంటలో తేలిపోయింది. మడమల ముచ్చట మాత్రం మధ్యాహ్నం దాకా సాగింది.